చింతగింజలకు సరిపడా ప్రపంచం

ప్రాణభయంతో మా బావ వచ్చి మా ఇంట్లో పడ్డ కాలంలోనే నాకు ప్రపంచ పటం గీయడం వచ్చింది. కాలేజీలో చేరి నేర్చుకోలేనిది కాలేజీ మూతపడ్డాక నేర్చుకున్నాను.

ఆ ఏడు పట్నంలో మా కాలేజీ మూసేశారు. అల్లర్లు తగ్గాక తెరుస్తామన్నారు. అల్లర్లు చేసేవాళ్ళకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. పెట్టె సర్దుకుని ఇబ్రహీంపట్నం వచ్చేశాను. అమ్మా బాపూ పోయి చాలా కాలమైంది కనుక ఇంట్లో అన్నా వదినా మాత్రమే ఉండేవాళ్ళు. అన్నకు వ్యవసాయం తప్ప వేరే లోకం లేదు. ఆ ఉన్న లోకంలో కూలీలు దొరకడం లేదన్నదే ఆయన బాధ.

నేను వచ్చిన కొన్నాళ్ళకు బావ దిగాడు. బావ అంటే మా అక్క పెనిమిటి. నల్లగొండ వైపు ఒక గడీలో దొర దగ్గర గుమాస్తా. దొర మనిషి కనుక, దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్ళు ఆయన్ను హెచ్చరించారు. సంఘం వాళ్ళు హెచ్చరించి ప్రాణాలతో వదిలేశారు కనుక వాళ్ళతో ఏదో లోపాయికారీ ఒప్పందం ఉందని ఖాకీ బట్టల వాళ్ళు అనుమానించారు. ఇద్దరి లెక్కా సరిగ్గానే ఉంది. మధ్యలో మా బావ మెడ ఒక్కటే ఉంది.

ఈ ఖాకీ బట్టల వాళ్ళు సర్కారు నౌకర్లు కారు. నవాబుగారి రాజ్యాన్ని కాపాడతామంటూ తమకు తామే బయల్దేరిన వలంటీర్లు. రాజ్యాన్ని కాపాడుతూ పోయే దారిలో కోళ్ళూ మేకలూ ఎదురైతే వాటిని కూడా కాపాడి తీసుకుపోయేవాళ్ళు.

బావ జొన్నచొప్ప బండిలో, చొప్ప కింద పడుకుని వచ్చాడు. బండి దిగి ఒళ్ళు దులుపుకుంటుంటే వదిన అడిగింది.

"వదినెను తోల్కరాకపోతివేందన్నా? ఒక్కతే ఎట్లుంటది?"

"దొడ్లె రెండు బర్రెలున్నై గద చెల్లె. ఇద్దరం వస్తె వాటినెవరు జూస్తరు? మీ వదినెనే పొమ్మన్నది."

ఆయన ప్రాణం బర్రెల కంటే విలువైనదని మా అక్క ఒప్పుకున్నందుకు ఆయన ముఖంలో ఒక రకమైన గౌరవం కనిపించింది. అన్న చొప్ప దించుకుని పశువులకు వేసి, ఆ మాటకు అదే జవాబన్నట్టు పొలానికి పోయాడు.

బావ బయటికి రాకూడదు. గట్టిగా మాట్లాడకూడదు. మొదటిది ఆయనకు తేలికే. రెండోదే కష్టం. పెద్ద యుద్ధం జరిగినన్నాళ్ళూ గడీకి వచ్చే పాత పత్రికలు చదివి, ఏ సేనాని ఎక్కడ పొరపాటు చేశాడో ఆయన తేల్చిపెట్టుకుని ఉన్నాడు. తనను అడిగి ఉంటే ఆ యుద్ధం రెండేళ్ళలో ముగిసేదన్నది ఆయన నమ్మకం. అడగకపోవడం వాళ్ళ ఖర్మ. ఇప్పుడు ఆ ఖర్మ మాకు చుట్టుకుంది. పొద్దున లేస్తే రష్యా, మాపటికి ఆఫ్రికా. పచ్చీసు ఆడదామని గుడ్డ పరిస్తే విసుక్కున్నాడు.

"ఇదేం ఆట బామ్మర్ది? నాలుగు కాయలు ఇల్లు చేరుడు ఆటనా? ప్రపంచం గెల్సుడు ఆట ఆడాలె. నలుగురం నలుగురు రాజులం. చింతగింజలు ఫౌజు. గవ్వలేస్తం. ఎవని గవ్వలు ఎక్కువ తెరుచుకుంటె ఆని గెలుపు. బొల్లారంల గోరా దొరలు ఇట్లనె పటం మీద సూదులు గుచ్చి ఆడుతరంట."

"మరి ప్రపంచం ఏది?" అన్నాను.

ప్రపంచం పక్కింట్లోనే ఉంది. పక్కింటి ఉస్తాద్ సర్కారు బడిలో ఉర్దూలో భూగోళం చెప్పి పింఛను పుచ్చుకున్న మనిషి. తెల్ల గడ్డం, పెద్ద పొట్ట, ఎండాకాలంలో కూడా మెడకు మఫ్లరు. ఒక్కగానొక్క బిడ్డ పట్నంలో కాపురం చేస్తుంటే, ఆయనా, మేము ఖాలా అని పిలిచే ఆయన భార్యా ఇక్కడే ఉండేవాళ్ళు. రెండిళ్ళకూ మధ్య ఉన్న గోడకు చిన్న తలుపుండేది. వదినా ఖాలా పచ్చడి గిన్నెలు అందించుకునేది ఆ తలుపులోంచే. అదే తలుపులోంచి ఉస్తాద్ ఒక గోడపటం చుట్టా, ఒక లావాటి అట్లాసు పుస్తకమూ పట్టుకుని వచ్చాడు. ప్రపంచం కావాలని తనను ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో పాపం, చెప్పులు తొడుక్కోవడం కూడా మరిచిపోయాడు.

గోడపటం బడి వాళ్ళు తీసేసింది. చెదలు ఆస్ట్రేలియాను పూర్తిగా తినేసి, న్యూజీలాండ్ రుచి చూసి వదిలేశాయి. మిగతాదంతా క్షేమం. నిలువు గీతలు నిలువుగా, అడ్డ గీతలు అడ్డంగా, చక్కగా పొలం మడులు కట్టినట్టు ఉంది. బావ చూడగానే మోజుపడ్డాడు.

"ఇగో, ఇదే. పచ్చీసు గుడ్డ లెక్క సక్కగున్నది."

"ఇది పచ్చి అబద్ధం, దామాద్ సాబ్," అన్నాడు ఉస్తాద్. ఈ ఇంటి అల్లుడు కనుక బావను ఆయన అలా పిలిచేవాడు. "పైన జూడున్రి. ఈ గ్రీన్‌ల్యాండ్ ఆఫ్రికా అంత కొడుతున్నది. అసల్ల ఆఫ్రికాల పదమూడో వంతు గూడ గాదు. ఓడ నడిపేటోళ్ళకు దిక్కు తప్పొద్దని గీసిన పటం ఇది. మనం ఓడ నడుపుతున్నమా?"

అని అట్లాసు తెరిచి రెండు పటాలు చూపించాడు. ఒకదాంట్లో భూమిని నడిమికి కోసి రెండు గుండ్రాలు పక్కపక్కన పెట్టారు. ఇంకోదాంట్లో ప్రపంచమంతా కోడిగుడ్డును పడుకోబెట్టినట్టుంది. దాంట్లో దేశాల వైశాల్యాలు ఒకదానికొకటి సరిగ్గా ఉంటాయట. అంచుల్లో ఉన్న దేశాలు మాత్రం గాలికి కొట్టుకుపోతున్నట్టు వంకరపోయి ఉన్నాయి. కాలేజీలో చదివినవాణ్ణి కనుక నేను మధ్యేమార్గంగా రెండు గుండ్రాల పటం మంచిదన్నాను. నాకు దాని గురించి ఏమీ తెలియదు. చూడ్డానికి బాగుంది.

పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు కొడుతున్న వదిన మెడ తిప్పి చూసింది.

"ఈ రొట్టె మీదికెల్లి ఆ రొట్టె మీదికి ఫౌజు ఎట్ల వోతది? దునుకుతదా?"

నా మధ్యేమార్గం అక్కడితో ముగిసింది.

అన్నీ నిజంగా ఉండే పటం ఒక్కటి కూడా లేదా అని బావ దబాయించాడు. ఉస్తాద్‌కు జవాబు చెప్పడానికి వదిన చేతిలో పిండి ముద్ద కనిపించింది. "బేటీ, ఆ ముద్ద మీద గోటితోటి ఒక గీత పెట్టి కొట్టు," అన్నాడు. వదిన గీత పెట్టి కొట్టింది. రొట్టె పరుచుకున్నకొద్దీ గోటి గీత జానెడు సాగింది. అంచులు అక్కడక్కడా పలిగాయి.

"చూసిన్రా? గుండ్రటిది చదును గావాల్నంటె సాగాలె, లేకుంటె పలగాలె. రెండూ గాకుండ కానే కాదు. ఏది పోతె మనకు నష్టం లేదో చూసుకుని పటం పట్టాలె. ఆటల ఫౌజు లెక్క ముఖ్యమైతె వైశాల్యం సరిగుండాలె. నా మాటిని గుడ్డు పటం పెట్టున్రి."

ఇంత శాస్త్రం విన్నాక బావ గోడపటమే కావాలన్నాడు. గీయడం సులువు, గీతలు చక్కన, పైగా ఆయన చూసిన పత్రికల్లో అలాంటిదే ఉండేది. ఇంటల్లుడు కావాలన్నది కాదనే ఆచారం మా ఇంట్లో లేదు. ఆ విధంగా మా ప్రపంచం ఆకారం ఎలా ఉండాలో అల్లుడి మర్యాద తేల్చింది. పెద్దపెద్ద రాజ్యాల సరిహద్దులు కూడా ఇంతకంటే గొప్ప కారణాలతో తేలలేదని ఆ తర్వాత చరిత్ర చదివి తెలుసుకున్నాను.

వదిన ఒక పాత దుప్పటి ఇచ్చింది. బొగ్గుతో గీతలు, జాజు ఎర్రమట్టితో దేశాల అంచులు, బట్టలకు పెట్టే నీలిమందుతో సముద్రాలు. గీసింది నేను, పక్కన కూర్చుని తప్పులు పట్టింది ఉస్తాద్, పడుకుని ఆజ్ఞలిచ్చింది బావ. ఆస్ట్రేలియాను చెదలు తిన్నాయి కదా, ఉస్తాద్ చెబుతుంటే అందాజుగా గీశాను. అది బెండకాయలు అడుగంటిన మూకుడులా వచ్చింది.

నియమాలు బావవే. ఒక్కో దేశం మీద ఒకదాని పక్కన ఒకటి ఎన్ని చింతగింజలు పడితే ఆ దేశానికి అంత ఫౌజు. హిందుస్తాన్, చీనా ఆయన తీసుకున్నాడు.

"జనమంత నా దిక్కే ఉంటె మీరేం గెలుస్తరు?"

అరబ్బు దేశాలు, ఆఫ్రికా ఉస్తాద్ పట్టాడు. యూరపు, అమెరికా నేను తీసుకున్నాను. చేతులు కడుక్కుని ఆలస్యంగా వచ్చిన వదినకు ఎవరూ అడగని పై వరస మిగిలింది. గ్రీన్‌ల్యాండు, కెనడా, రష్యాలో మంచుమేటలు వేసే భాగమంతా.

గింజలు పేర్చడం మొదలుపెట్టాం. బావ హిందుస్తాన్ ఒక పిడికెడుతో నిండింది. చీనాకు ఇంకో పిడికెడు. వదిన పేరుస్తూనే ఉంది. ఇంట్లో ఉన్న చింతగింజలు అయిపోయాయి. ఖాలా తలుపులోంచి చాటెడు గింజలు అందించింది. అవీ చాల్లేదు. ఆ రోజు వదిన ఫౌజు గ్రీన్‌ల్యాండు నుంచి దిగి వస్తుంటే మిడతల దండు వచ్చినట్టుంది. నా యూరపు భోజనాల వేళకు పోయింది. ఎండ తగ్గేసరికి హిందుస్తాన్ కూడా పోయింది.

బావ ఓర్చుకోలేకపోయాడు. "ఆడ మనిషే లేడు చెల్లె! మొత్తం మంచు! ఎలుగుబంట్లు తప్ప ఇంకేముంటయ్ ఆడ?"

"ఎలుగుబంట్లే వచ్చినయనుకో అన్నా," అంటూ వదిన ఢిల్లీ మీద గింజ పెట్టింది.

మర్నాడు బావకు శాస్త్రం మీద హఠాత్తుగా గౌరవం కలిగింది. వైశాల్యాలు సరిగ్గా లేని పటం మీద ఆడటం న్యాయం కాదని, కోడిగుడ్డు పటమే పెట్టాలని, ఆ మాట తను మొదట్నుంచీ చెబుతున్నానని అన్నాడు. ఉస్తాద్ ఆయన వైపు కళ్ళద్దాల మీదుగా చూసి, "సుభానల్లా," అని మాత్రం అన్నాడు. దుప్పటి ఉతికాం, ఆరబెట్టాం, గుడ్డు గీశాం. ఈసారి గ్రీన్‌ల్యాండు పైన ఒక మూలకు ఒదిగి, ఎండిన గోంగూర ఆకంత అయింది. ఆఫ్రికా నడుమ ఠీవిగా కూర్చుంది. ఆఫ్రికాను బావ తీసుకున్నాడు. అమెరికా కూడా తీసుకున్నాడు. పటం మారిస్తే సరిపోతుందని, ఆడే మనిషిని మార్చక్కర్లేదని ఆయన ధీమా.

వదినకు ఈసారి రష్యా తూర్పు కొస దక్కింది. కుడివైపు అంచున, ఇక పోవడానికి దారి లేనట్టు. ఆమె ఆ కొసలో గింజలన్నీ కూడబెట్టి, తీసుకెళ్ళి ఎడమ అంచున ఉన్న అలాస్కా మీద పెట్టింది.

"ఏయ్! ఇదేంది? పటం ఈడ ఐపోయింది. పటం ఐపోయిన కాడ ప్రపంచం ఐపోయినట్టె," అన్నాడు బావ.

వదిన దుప్పటి రెండు అంచులూ పట్టుకుని దగ్గరికి తెచ్చింది. "లుంగీ లెక్క చుట్టితె రెండు కొసలు కలుస్తయా లేదా?"

"గుడ్డ చుట్టుకునేటందుకు గాదు చెల్లె, ఆడేటందుకు!"

ఉస్తాద్ ఆనందంతో తొడ చరిచాడు. ముప్ఫై ఏళ్ళు భూమి గుండ్రంగా ఉందని చెప్పి చెప్పి, ఆ మాట నిజంగా నమ్మిన మనిషిని అప్పుడే చూస్తున్నట్టు కళ్ళు తుడుచుకున్నాడు. సాయంత్రానికి బావ అమెరికా పోయింది.

బయట సంగతులు కూడా ఇలాగే సాగుతుండేవి. అన్న పొలం నుంచి వస్తూ తెచ్చే కబుర్లు మాకు పత్రిక. ఫలానా ఊళ్ళో ఖాకీ వాళ్ళు ఇళ్ళు తగలబెట్టారు, ఫలానా ఊళ్ళో సంఘం వాళ్ళు దొర ధాన్యం పంచారు. ఢిల్లీ నుంచి యూనియన్ ఫౌజు వస్తుందని కొందరు, రాదని కొందరు. నవాబుగారి జెండా సముద్రం దాకా పోతుందని ఖాకీ వాళ్ళు కవాతుల్లో అరిచేవాళ్ళు. మా రాజ్యానికి నాలుగు దిక్కులా నేలే. సముద్రం ఎటుందో వాళ్ళలో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

ఒక మధ్యాహ్నం వాళ్ళు మా ఇంటికే వచ్చారు. వీధిలో బూట్ల చప్పుడు వినిపించడం, బావ మాయం కావడం ఒక్కసారే జరిగాయి. వడ్లు పోసే వెదురు గుమ్మిలోకి దూరి, మూత తనే వేసుకున్నాడు. పెద్ద యుద్ధంలో ఏ సేనానీ అంత చురుగ్గా వెనకడుగు వేసి ఉండడు.

వాళ్ళ నాయకుడు పాతికేళ్ళవాడు, భుజాన తుపాకి. లోపలికి వస్తూనే నేల మీద పరిచిన దుప్పటి, దాని మీద గుంపులుగా గింజలు చూసి ఆగాడు.

"ఏందిది? సంఘపోళ్ళ నక్షా గదా ఇది? ఈ గింజలు వాళ్ళ దళాలు గదా?"

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉస్తాద్ మాత్రం కళ్ళద్దాలు సవరించుకుని వాణ్ణి పైనుంచి కిందికి చూశాడు.

"నువ్వా? ఇస్కూల్ల వెనక బెంచీల కూసునేటోనివి. జుగ్రాఫియాల ఎప్పుడన్న పాసైనవా నువ్వు?"

తుపాకి భుజం మీద ఉన్నా వాడి చేతులు వాటంతట అవే కట్టుకోబోయాయి. మళ్ళీ సర్దుకున్నాడు. "సలాం ఉస్తాద్," అన్నాడు కొంచెం చిన్నబోయి.

"దునియా పటం రా ఇది. ఆట ఆడుకుంటున్నం. ఇది ఆఫ్రికా. ఇది యూరపు."

"మన ముల్క్ ఏది?"

ఉస్తాద్ ఒక చింతగింజ పక్కకు జరిపి, దాని కింద ఉన్న చోటు చూపించాడు. చోటు గింజ కంటే చిన్నది.

ఖాకీ నాయకుడి ముఖం ఎర్రబడింది. "ఇంతేనా? హుజూర్ రాజ్యం ఇంతేనా? మనకంటె చేతగానోళ్ళ ముల్కులన్నీ ఇంతింత ఉన్నై!"

"బేటా, పటానికి ఒక కొలత ఉంటది."

"పటం మీ చేతుల ఉన్నది గద ఉస్తాద్. పెద్దగ గీయున్రి."

ఉస్తాద్ కదల్లేదు. వాడే తుపాకి గోడకు ఆనించి, మోకాళ్ళ మీద కూర్చుని, పక్కనే ఉన్న జాజు ముద్ద తీసుకుని గీత మొదలుపెట్టాడు. ఉత్తరాన గంగానది దాటాడు. పడమట అరబ్బు సముద్రంలో చెయ్యి పెట్టాడు. తూర్పున ఓడరేవు కావాలని తీరమంతా కలుపుకున్నాడు. నాలుక బయటపెట్టి, పరీక్ష రాసే పిల్లవాడిలా ఎంతో శ్రద్ధగా గీశాడు. చివరికి మా రాజ్యం ఆఫ్రికాలో సగం అయింది. ఆ సంతోషంలో ఇల్లు వెతకడం మరిచిపోయాడు. దొడ్లో రెండు కోళ్ళను మాత్రం మరిచిపోలేదు.

"చెరిపేస్తరేమో. మళ్ళొచ్చి చూస్త," అని వెళ్ళిపోయాడు.

వాళ్ళ చప్పుడు వీధి మలుపు దాటాక గుమ్మి మూత లేచింది. తలనిండా వడ్లతో బావ బయటికి వచ్చి, దుప్పటి వైపు వంగి చూసి, మొట్టమొదట అడిగిన మాట ఇది.

"మరి గీ పెద్ద రాజ్యం ఎవరికి?"

చెరిపే ధైర్యం ఎవరికీ లేదు. ఆ కొత్త ప్రపంచం మీదే ఆడాం. ఉస్తాద్ మాత్రం ఆడలేదు. దేనికి ఏ వైశాల్యం ఉందో లెక్క లేని పటం మీద కూర్చోలేనని, మఫ్లరు సర్దుకుని గోడకు ఆనుకుని కూర్చుని చూసేవాడు.

అంతలో పోలీసు చర్య మొదలైంది. పేరుకు పోలీసులు, వచ్చింది ఫౌజు. ఆకాశంలో విమానాలు తిరిగాయి. సముద్రం దాకా పోవలసిన రాజ్యం వారం తిరక్కుండా చేతులెత్తేసింది. ఖాకీ బట్టలు పాడుబావుల్లో తేలాయి. మా పటం గీసిన నాయకుడు ఎటు పోయాడో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత జరిగినదాంట్లో నాకు ఇప్పటికీ నవ్వు రాదు. ఖాకీ వాళ్ళ ముందు వంగి వంగి సలాములు కొట్టినవాళ్ళలో కొందరికి, ఫౌజు వచ్చిందనగానే వెన్నెముకలు మొలిచాయి. ఆ వెన్నెముకలతో వాళ్ళు తుపాకులున్న వాళ్ళ మీదికి పోలేదు. ఆ తుపాకుల వాళ్ళు అప్పటికే పారిపోయారు. వీళ్ళు ఊళ్ళో మిగిలిన తురకల ఇళ్ళ మీదికి పోయారు. పక్క ఊళ్ళో ఒక దర్జీని చంపారని అన్న పొద్దున్నే వార్త తెచ్చాడు. తెచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా గోడలో తలుపు తీసి, "ఉస్తాద్, ఇద్దరు ఇటు రాండ్రి. ఇప్పుడే," అన్నాడు.

వదిన ఖాలాకు తన చీర కట్టి, నుదుట బొట్టు పెట్టి, తిరగలి ముందు కూర్చోబెట్టింది. తిరగలి పిడి మీద ఖాలా చేతితోపాటు తన చెయ్యి కూడా వేసి తిప్పింది. ఉస్తాద్‌ను గుమ్మిలోకి దించాం. పొట్ట పట్టలేదు. నేనూ అన్నా సగం వడ్లు తోడి కింద పోసి, ఆయన్ను కూర్చోబెట్టి మూత వేశాం.

వాళ్ళు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పది పన్నెండుమంది ఉంటారు, గొడ్డళ్ళు, బరిసెలు. అన్నీ తెలిసిన ముఖాలే. అన్న గడపలో అడ్డంగా నిలబడ్డాడు. అన్నకు అబద్ధం ఆడటం రాదు. "ఉస్తాద్ ఏడి?" అని వాళ్ళు అడిగితే ఆయన ద్వారబంధాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. ఇక అయిపోయిందనుకున్నాను.

అప్పుడు లోపలి గదిలోంచి బావ బయటికి వచ్చాడు. బూట్ల చప్పుడు వింటే గుమ్మిలో దూరే మనిషి. ఇప్పుడు గుమ్మి ఖాళీ లేదు కనుక బయటికి వచ్చాడని ఆయనే తర్వాత అంటుండేవాడు. మడత నలగని అంగీ తొడుక్కుని, మీసం దువ్వుకుని, అన్నను పక్కకు నెట్టి గడపలో నిలబడ్డాడు.

"ఎవరు మీరు? మంచిగైంది, మీరే వచ్చిన్రు. నేను ఫౌజు తోటి నల్లగొండకెల్లి వచ్చిన. కప్తాన్ సాబ్ ఇప్పుడే వస్తుండు, ఈడనే తింటడు. ఊర్ల గొడవ జేసేటోళ్ళు ఎవరో తెల్సుకొమ్మన్నడు. ఉండున్రి, అందరిని పరిచయం జేస్త."

వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ముందున్నవాడు గొడ్డలి కిందికి దించి, "ఉస్తాద్ ఉన్నడా అని అడుగుతున్నం, గంతే," అన్నాడు.

"ఉస్తాద్‌ను నిన్ననే ఫౌజు లారీల పట్నం తోల్కపోయిన్రు. కప్తాన్ సాబ్ పక్కకే కూసున్నడు. సందేహముంటె సాబ్‌నే అడుగుదురు."

లోపల్నుంచి వదిన గొంతు గట్టిగా వినిపించింది. "అన్నా! సాబ్ తోటి ఎంతమంది సిపాయిలు వస్తరు? కోడి ఒక్కటి చాలదేమో!"

"ఇరవైమంది దాక ఉంటరు చెల్లె! వీళ్ళు గూడ ఉంటరేమో అడుగుత ఉండు!"

వాళ్ళు ఉండలేదు. పని ఉందన్నారు. వెనకవాడు వెళ్ళిపోతూ దండం కూడా పెట్టాడు. వీధి ఖాళీ అయ్యాక బావ గడప మీద కూలబడ్డాడు. అన్న పక్కన కూర్చుని, జీవితంలో మొదటిసారి, ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

గుమ్మి మూత తీస్తే ఉస్తాద్ గడ్డంలో వడ్లు. పైకి లాగడానికి ముగ్గురం పట్టాం.

"లోపల జర ఉక్కగ ఉంటది, ఉస్తాద్. మూతి కుడిదిక్కు పెడితె గాలొస్తది. ముందుగాల జెప్పనైతి," అన్నాడు బావ.

ఉస్తాద్ నవ్వబోయి, బావ చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. తిరగలి ముందు ఖాలా ఇంకా పిండి విసురుతూనే ఉంది. గింజలు ఎప్పుడో అయిపోయాయి. ఉత్త రాయి తిరుగుతోంది.

మూడో రోజున అన్న బండి కట్టి వాళ్ళిద్దరినీ పట్నంలో బిడ్డ ఇంటికి చేర్చి వచ్చాడు. ఖాలా వదిన చీరలోనే, బొట్టుతోనే వెళ్ళింది.

ఇక ఫౌజు. మా ఇంట్లో భోజనానికి రావలసిన కప్తాన్ ఆలస్యంగానైనా నిజంగానే వచ్చాడు. ఖాకీ వాళ్ళ పని అయ్యాక సంఘం వాళ్ళను వెతకడం మొదలుపెట్టారు. నల్లగొండ వైపు నుంచి వచ్చి దాక్కున్న కొత్త మనిషి ఎవరున్నారని అడిగితే, ఆ రోజు గొడ్డళ్ళు పట్టుకుని వచ్చినవాళ్ళే ఎంతో మర్యాదగా మా ఇల్లు చూపించారు. అప్పటికి వాళ్ళ తలల మీద తెల్ల ఖద్దరు టోపీలున్నాయి.

దుప్పటి ఈసారి కప్తాన్‌కు దొరికింది. వదిన ఉతికితే బొగ్గు పోయింది, నీలిమందు పోయింది, దేశాల అంచులు వెలిశాయి, ఖాకీ నాయకుడు జాజు ముద్ద అదిమి గీసిన గీత మాత్రం ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. హిందుస్తాన్‌లో సగం మింగిన ఆ రాజ్యం ఏమిటని కప్తాన్ అడిగాడు. బావ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆట అని, చింతగింజలని, గ్రీన్‌ల్యాండు అని, గుడ్డు పటమని. ఇంత వంకర కథ సంఘం వాళ్ళు తప్ప ఇంకెవరూ అల్లలేరని కప్తాన్ తీర్మానించి, బావనూ దుప్పటినీ కలిపి క్యాంపుకు పట్టుకుపోయాడు.

ఈ కబురు తెలిసి మా అక్క వచ్చింది. బర్రెలను ఎవరికో అప్పగించి, తెలిసినవాళ్ళ బండి ఎక్కి, దిగుతూనే క్యాంపుకు నడిచింది. రోజూ పోయి గేటు ముందు కూర్చునేది. అరిచేది కాదు, ఏడ్చేది కాదు. వచ్చేపోయే ప్రతి సిపాయినీ ఒకటే అడిగేది. "మా ఆయన సంఘపోడా? పిట్టను జూస్తె ఉరికేటోడు సంఘంల ఎట్ల జేరుతడయ్యా?" ఆ మాటలో ఉన్న నిజాయితీ కప్తాన్ దాకా ఎక్కడానికి కొన్ని వారాలు పట్టింది. బావను వదిలేశారు. దుప్పటిని వదల్లేదు. సాక్ష్యం అన్నారు. దాని మీద సాయంత్రాలు అధికారులు గింజలు పెట్టి ఆడుతున్నారని, వాళ్ళకు ఆట సరిగా రాదని, తను చూస్తూ ఊరుకోవలసి వచ్చిందని బావ బాధపడ్డాడు. క్యాంపులో తిన్న దెబ్బల గురించి ఒక్క మాటా చెప్పలేదు. అక్క వీపుకు నూనె రాస్తుంటే చూశాం.

కాలేజీ తెరిచాక నేను పట్నం వెళ్ళాను. ఒక ఆదివారం ఉస్తాద్‌ను వెతుక్కుంటూ పాతబస్తీలో వాళ్ళ బిడ్డ ఇల్లు పట్టుకున్నాను. ఇరుకు గల్లీ, రెండు గదులు. మనిషి బాగా చిక్కిపోయాడు, పొట్ట లేదు. ఖాలా నాకు చాయ్ ఇచ్చి, వదిన ఎలా ఉందని పదిసార్లు అడిగింది. ఉస్తాద్ బావ గురించి అడిగాడు. క్యాంపు సంగతి చెబితే నమ్మలేనట్టు తలూపి, "దామాద్ సాబ్‌ను సంఘం మనిషన్నరా? సంఘపోళ్ళకు తెలిస్తె నామోషీ పడుతరు," అని నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది.

పాన్ కావాలని లేచాడు. నా చెయ్యి పట్టుకుని గల్లీ చివరిదాకా నడిచాడు. ఈ ఏడు వానలు పడ్డాయా, చెరువు నిండిందా అని అడిగాడు. నిండిందని, అలుగు కూడా పారిందని చెప్పాను. ఎంత ఎత్తున పారింది, రోడ్డు మీదికి నీళ్ళొచ్చాయా, అన్న పొలానికి ఏమైనా నష్టమా, అన్నీ అడిగాడు. ఆయన ఇంట్లో తెల్ల టోపీవాడొకడు కాపురం పెట్టాడని, గోడలో తలుపును ఇటుకలతో మూసేశాడని చెప్పాలని పోయాను. ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. పాన్ దుకాణం అతనితో తన పాన్‌లో సున్నం తక్కువ వెయ్యమని చెప్పి, నాకు కూడా ఒకటి కట్టించి, "ఇంటికి పోంగ తిను," అని నా జేబులో పెట్టాడు.